సవిరిస్ మీద నా పీహెచ్‌డీ: ప్రీ-సబ్మిషన్ గట్టెక్కిన కథ

నిన్ననే వైవా ముగిసింది. ఈజిప్టు వ్యాపారవేత్త నగీబ్ సవిరిస్ 2011 తిరుగుబాటు తర్వాత స్థాపించిన 'ఫ్రీ ఈజిప్షియన్స్' అనే ఉదారవాద పార్టీ మీద నా పరిశోధన. ప్రవేశ పరీక్ష, కోర్స్‌వర్క్, సినాప్సిస్ పెద్ద ఇబ్బంది లేకుండానే గడిచిపోయాయి. నన్ను కుంగదీసినది థీసిస్ సమర్పించే ముందు పెట్టే ప్రీ-సబ్మిషన్ సెమినార్ ఒక్కటే.

సవిరిస్ పరిచయం పూర్తికాకముందే ఒక సీనియర్ ఆచార్యులు అడ్డుతగిలి, "ఏం బాబూ, సెల్‌ఫోన్ల మీద కోట్లు గడించినాయనకు ఉద్యమంతోని ఏం పని? పైసలున్నయి, పార్టీ పెట్టిండు. దీనికి థీసిస్ ఎందుకు?" అన్నారు. హాలంతా నవ్వింది. ఒరాస్కామ్ టెలికాం అధిపతిగా ఆయన సంపాదించిన ఆస్తిని నేను దాచలేదు, మొదటి అధ్యాయమంతా దాని గురించే. అయినా అడిగినవారికి జవాబు అక్కర్లేదని వారి ముఖం చూస్తేనే తెలుస్తోంది.

నేను చెప్పదలచుకున్నది పార్టీల చట్టం గురించి. అధ్యక్షుడు ముబారక్ గద్దె దిగిన తర్వాత 2011 మార్చిలో, అధికారం చేపట్టిన సైనిక మండలి ఆ చట్టాన్ని సవరించింది. దాని ప్రకారం కొత్త పార్టీకి కనీసం 10 గవర్నరేట్ల (రాష్ట్రాల వంటి పాలనా విభాగాల) నుంచి, ఒక్కోచోట 300 మందికి తగ్గకుండా, మొత్తం 5,000 మంది సభ్యుల ధ్రువీకరించిన సంతకాలు కావాలి. పైగా వ్యవస్థాపకులందరి పేర్లూ రెండు ప్రముఖ దినపత్రికల్లో అచ్చువేయించాలి. తిరుగుబాటుకు కేంద్రమైన కైరోలోని తహ్రీర్ చౌక్‌లో దెబ్బలు తిన్న కుర్రవాళ్ల దగ్గర ఆ ప్రకటనలకు డబ్బెక్కడిది? తిరుగుబాటు చేసినవారిని గుమ్మం బయటే నిలబెట్టి, సవిరిస్ వంటి సంపన్నుణ్ణి లోపలికి రానిచ్చింది ఆ చట్టమేనని నా వాదన. సరిగ్గా ఆ అధ్యాయాన్నే ఆ సీనియర్ ఆచార్యులు "అనవసరం" అంటూ, నా థీసిస్ కాపీ అంచున ఎర్రసిరాతో పైనుంచి కిందిదాకా గీత గీసి తిరిగి ఇచ్చారు.

ఆపై మిక్కీ మౌస్ వంతు వచ్చింది. 2011 జూన్‌లో సవిరిస్ గడ్డం పెట్టిన మిక్కీ, నిఖాబ్ వేసిన మిన్నీ బొమ్మను ట్విటర్‌లో పంచుకున్నారు. ఆయన ఈజిప్టులో మైనారిటీ అయిన కాప్టిక్ క్రైస్తవుడు కావడంతో దుమారం ఇంకా పెరిగింది. క్షమాపణ చెప్పినా మతాన్ని అవమానించారని కేసు పెట్టారు, ఆయన మొబైల్ ఫోన్ సంస్థ మొబినిల్‌ను బహిష్కరించాలని పిలుపులిచ్చారు. 2012లో కోర్టు ఆ కేసు కొట్టివేసింది. ఈ సంగతి తెర మీదికి రాగానే మరో సభ్యుడు, "ఇది సిద్ధాంత వ్యాసమా, పిల్లల బొమ్మల పుస్తకమా?" అన్నారు. రాజకీయాల్లో అడుగుపెట్టిన వ్యాపారికి తన ఖాతాదారులే ప్రత్యర్థుల చేతిలో బందీలవుతారని వివరించబోతుంటే మైకు ఆపేశారు.

మా గైడ్ ఆ గంటా తలవంచుకుని ఫోను చూసుకుంటూ కూర్చున్నారు. కాబట్టి పరిశోధక మిత్రులకు నా సలహా: గైడ్ పేరు ప్రతిష్ఠలు చూసి చేరకండి, సెమినార్‌లో మన పక్షాన నోరు విప్పుతారో లేదో సీనియర్లను అడిగి చేరండి.

అధ్యాయం తీసేయమన్నారు గానీ నేను తీయలేదు. పేరు మార్చి, ఎన్నికల ఫలితాలు జోడించి, మరింత పెంచాను. డబ్బే అన్నీ చేస్తే 2011–12 ఎన్నికల్లో సవిరిస్ పార్టీ ఉన్న 'ఈజిప్షియన్ బ్లాక్' కూటమి 498 స్థానాల్లో 34కే ఎందుకు ఆగింది, దాదాపు 70 శాతం స్థానాలు ఇస్లామిస్టులకు ఎలా దక్కాయి? 2015లో 65 స్థానాలతో పార్లమెంటులో అతిపెద్ద పార్టీ అయిన తర్వాత, 2016 చివర్లో ఆయన ఉన్న ధర్మకర్తల మండలినే పార్టీ ఎందుకు రద్దు చేసింది? డబ్బుతో పార్టీ తలుపు తెరవగలిగారు గానీ తాళం చెవి తన దగ్గర ఉంచుకోలేకపోయారు.

గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, బయటి నుంచి వచ్చిన పరీక్షకులు నిన్న ఎక్కువసేపు ప్రశ్నించింది ఆ అధ్యాయం మీదే, విడిగా వ్యాసంగా ప్రచురించమన్నదీ దాన్నే. ఎర్రసిరా ఆచార్యులు కూడా అక్కడే ఉన్నారు, టీ తాగి సంతకం పెట్టి వెళ్లారు. ఇక లైబ్రరీ, హాస్టల్ నో డ్యూస్‌లు మిగిలాయి. సోమవారం వాటి పని చూడాలి.