కొత్త ఎస్‌ఎస్‌డీ కనిపించలేదు: నా అనుభవం

మా చెల్లి ల్యాప్‌టాప్‌లో ఫైళ్లు దాచే 256 జీబీ డిస్కు (ఎస్‌ఎస్‌డీ) నిండిపోవడంతో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా పనిచేసే రకం) ఎస్‌ఎస్‌డీ కొన్నాం. పాతది తీసి కొత్తది బిగించి, పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ 11 వేయబోతే డిస్కుల లిస్టు ఉండాల్సిన చోట ఏమీ లేదు. డ్రైవ్‌లేవీ దొరకలేదని మెసేజ్. చెల్లికి టెన్షన్ పట్టుకుంది. "అన్నయ్యా, షాపుకెళ్లి మార్చేద్దాం" అంది.

వద్దన్నాను. కనిపించట్లేదంటే, బయోస్‌కు (విండోస్ కంటే ముందే నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్‌కు) కనిపించట్లేదా, విండోస్‌కు కనిపించట్లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండింటికీ మందు వేరు.

రీస్టార్ట్ చేసి ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్తే, ఎస్‌ఎస్‌డీ మోడల్ నంబర్ అక్కడ చక్కగా ఉంది. అంటే డిస్కు బాగానే ఉంది, స్లాట్‌లో సరిగ్గానే కూర్చుంది. బయోస్‌లో కూడా లేకపోతే మాత్రం పవర్ ఆపేసి, బ్యాటరీ కనెక్టర్ తీసి, డిస్కును మళ్లీ బిగించి చూడాలి. స్లాట్ రకమూ చూసుకోవాలి. ఎం.2 అనే చిన్న కార్డు రూపంలో వచ్చే సాటా (పాత, నెమ్మది రకం), ఎన్‌వీఎంఈ డిస్కులు రెండూ ఒకే 2280 సైజులో, అంటే 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవుతో దొరుకుతాయి. సాటా మాత్రమే తీసుకునే స్లాట్‌లో ఎన్‌వీఎంఈ పనిచేయదు.

మా చిక్కు వేరే చోట ఉంది. చెల్లిది ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్. ఆ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కులను నడిపించే వీఎండీ అనే ఇంటెల్ కంట్రోలర్ ఆన్‌లో ఉంటుంది. ఎన్‌వీఎంఈ డిస్కు దాని వెనకాల ఉండిపోతుంది. దాని డ్రైవర్ (ఆ కంట్రోలర్‌తో విండోస్ మాట్లాడేందుకు కావాల్సిన చిన్న ప్రోగ్రామ్) ఇస్తే తప్ప విండోస్ సెటప్‌కు డిస్కు కనబడదు. పాత డిస్కులో విండోస్‌తో పాటు ఆ డ్రైవర్ కూడా ముందే ఉంది కాబట్టి ఇన్నాళ్లూ ఈ సంగతి బయటపడలేదు.

బయోస్‌లో వీఎండీని ఆఫ్ చేయడం ఒక దారి. కానీ మా మోడల్‌లో ఆ ఆప్షన్ కనిపించలేదు. అందుకని నా కంప్యూటర్‌లో ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీ తెరిచి, ఆ మోడల్‌కు ఇచ్చిన, వీఎండీకి కావాల్సిన ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ డౌన్‌లోడ్ చేశాను. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. వచ్చిన ఈఎక్స్ఈ ఫైల్‌ను అలాగే పెన్‌డ్రైవ్‌లో వేస్తే సెటప్ దాన్ని పట్టించుకోదు. దాన్ని ఎక్స్‌ట్రాక్ట్ చేసి, ఐఎన్ఎఫ్ ఫైళ్లు (డ్రైవర్‌ను ఎలా వేసుకోవాలో విండోస్‌కు చెప్పేవి) ఉన్న ఫోల్డర్ వేయాలి.

సెటప్‌లో 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే, చివర టీజీఎల్ అని ఉన్న వీఎండీ కంట్రోలర్ పేరు వచ్చింది. 11వ తరం ల్యాప్‌టాప్ చిప్‌లకు ఇంటెల్ పెట్టిన టైగర్ లేక్ అన్న పేరుకు అది పొట్టి రూపం. దాన్ని ఎంచుకుని నెక్స్ట్ కొట్టగానే, 931 జీబీ ఖాళీ స్థలం అంటూ డిస్కు ప్రత్యక్షమైంది. "మిగతా 69 జీబీ ఏది?" అని చెల్లి వెంటనే పట్టుకుంది. పోయిందేమీ లేదు. కేబీ, ఎంబీ, జీబీ అంటూ ఒక్కో మెట్టుకూ డిస్కు కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తే విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది.

పాత డిస్కును యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డిస్కును పెన్‌డ్రైవ్‌లా తగిలించుకునే డబ్బాలో) పెడితే, డిస్కుకు తాళం వేసే విండోస్ ఫీచర్ బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడిగింది. అది చెల్లి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరికింది. తన ప్రాజెక్టు ఫైళ్లన్నీ అదే రాత్రి కొత్త డిస్కులోకి కాపీ చేశాం.