అదే బటన్, రెండు స్వరాలు

కార్తహేనా నుంచి సాన్ హసింతోకి రెండున్నర గంటలన్నారు. నాకు నాలుగు పట్టింది. బస్సు దిగేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మే నెలలో మన కోస్తా ఉక్కపోత ఎరిగినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు.

కొలంబియాలో కరేబియన్ సముద్రం వైపు, మోంతెస్ దె మరియా కొండల్లో ఉందీ ఊరు. రోడ్డు పక్కన దుకాణాల నిండా రంగురంగుల నేత ఊయలలే. ఎక్కడ కాస్త ఆగినా "ఆ లా ఓర్దెన్" అంటారు, 'చెప్పండి, ఏం కావాలి' అన్నట్టు. నేను వెళ్లింది అకార్డియన్ కోసం. (చివరికి ఊయల కూడా కొన్నాననుకోండి.)

పేరుమోసిన అకార్డియన్ వాద్యకారుడు అంద్రెస్ లాండెరోది ఈ ఊరే. 1931లో పుట్టి 2000లో పోయారు. వాళ్ల నాన్న గైతా వాయించేవారు. గైతా అంటే బ్రహ్మజెముడు జాతి మొక్క కాడతో చేసే పొడవాటి పిల్లనగ్రోవి. తలభాగం తేనెమైనంలో బొగ్గుపొడి కలిపిన ముద్ద, ఊదేచోట బాతు ఈక. కుంబియా అంటే ఈ కోస్తా జనం ఆటాపాటా. అది మొదట్నుంచీ ఈ గైతాలదీ, డోళ్లదీ. అకార్డియన్ ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన పరాయి పెట్టె. లాండెరో దాని చేత కుంబియా పాడించారు. వయ్యెదుపార్‌లో జరిగే పెద్ద అకార్డియన్ పోటీల్లో ఆయనెప్పుడూ గెలవలేదు. అక్కడ వాయించాల్సిన నాలుగు రకాల్లో కుంబియా లేనే లేదు మరి! జనం మాత్రం ఆయన్ని 'కుంబియా రాజు' అనే పిలిచారు. ఇప్పుడు మనవడు యెయ్సోన్ లాండెరో తాత పాటలు పట్టుకుని దేశాలు తిరుగుతున్నాడు.

ఆ మనవణ్ణి నేను కలవలేదు. నాకు దొరికింది ఒక ఊయల దుకాణం పెద్దాయన. అకార్డియన్ అన్నానో లేదో, లోపల్నుంచి వాళ్ల నాన్నది తెచ్చి నా భుజాలకి తగిలించేశాడు. కుడిచేతి వైపు మూడు వరసల బటన్లు. ఒకటి నొక్కి తిత్తి లాగితే ఒక స్వరం, అదే బటన్ మీద తిత్తి మూస్తే ఇంకో స్వరం! మా తాతయ్య పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. అందులో తిత్తి గాలి కొడుతుందంతే, ఏ మెట్టుకి ఆ స్వరమే. ఇక్కడ ఊపిరి కూడా లెక్కే. సరిగమలు పలికిద్దామని చూస్తే 'రి' దగ్గరే తప్పింది. పెద్దాయన నవ్వి, నా ఎడమ మణికట్టు పట్టుకుని తనే తిత్తి ఆడించాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్న వెనక నిలబడి మోచెయ్యి చూసి నేర్చుకున్నాడట. కాగితమ్మీద రాసుకున్నది ఏమీ లేదు.

మీ ఇంట్లో ఏమైనా వాద్యం ఉందా అన్నాడు. ఉంది, తాతయ్యది అన్నాను. ఇప్పుడెవరు వాయిస్తున్నారన్నాడు. నాకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కల్లో అటక లేదు. వేలెత్తి పైకి చూపించాను.

పెద్దాయన టోపీ తీసి శిలువ గుర్తు వేసుకున్నాడు.