అమ్మతో నయోటాలో ఓ గంట

అట్లాంటా నుంచి స్మోకీ కొండలకి ఎన్నిసార్లు వెళ్లామో, ఐ-75 హైవే మీద టెనెసీలోని నయోటా బోర్డు దాటిపోవడమే తప్ప ఎప్పుడూ ఆగలేదు. ఈసారి అమ్మ ఇండియా నుంచి వచ్చింది. ఆవిడకి కొండలు చూపిస్తే "మన అరకు లేదూ" అంటుంది కాబట్టి, దార్లో కథ ఉన్న ఊరొకటి చూపిద్దామని హైవే దిగాను.

చిన్న ఊరు. పట్టాల పక్కన 1854 నాటి రైల్వే డిపో, ఇప్పుడది సిటీ హాలు. సెలవు రోజేమో తాళం వేసుంది. అమ్మ అద్దానికి చేతులు అడ్డం పెట్టుకుని లోపలికి చూసి "ఏముందిరా ఇక్కడ?" అంది.

ఉన్నది హ్యారీ బర్న్ కథ, అమెరికా ఆడవాళ్ల ఓటుహక్కు ఇతని ఒక్క ఓటుతో తేలింది. వాళ్ల నాన్న ఇక్కడ స్టేషన్ మాస్టరు. హ్యారీ కూడా రైల్వేలో పనిచేస్తూనే టెనెసీ శాసనసభకి ఎన్నికయ్యాడు. 1920 ఆగస్టుకి 24 ఏళ్లు, సభలో అందరికంటే చిన్నవాడు. ఆడవాళ్లకి ఓటిచ్చే రాజ్యాంగ 19వ సవరణకి 36 రాష్ట్రాలు ఒప్పుకోవాలి, అప్పటికి 35 అయ్యాయి. టెనెసీ రాజధాని నాష్‌విల్‌లో అనుకూలురు పసుపు గులాబీ, వ్యతిరేకులు ఎర్ర గులాబీ పెట్టుకు తిరిగేవారు. మనవాడి కోటుకి ఎర్రది. సవరణని పక్కన పెట్టేద్దామంటే సరేనని ఓటేశాడు కూడా, అది 48-48తో ఆగింది. తర్వాత అసలు ఓటింగులో అతని పేరు పిలిస్తే, ఎవరూ అనుకోని విధంగా "అవును" అనేశాడు. 49-47తో సవరణ నెగ్గింది.

జేబులో వాళ్లమ్మ ఫెబ్ రాసిన ఏడు పేజీల ఉత్తరం. నాక్స్‌విల్ వైపు వెళ్తూ దాని సంగతి అమ్మకి చెప్పాను. చాలావరకు ఇంటి కబుర్లే, మధ్యలో "ఆడవాళ్ల ఓటుహక్కుకి ఓటెయ్యి, వాళ్లని అనుమానంలో ఉంచకు" అని, నువ్వెటున్నావో పేపర్లో చూస్తున్నా, ఇంకా ఏమీ కనపడలేదని. దెప్పడమే కదా అది! లంచం తిన్నాడని గోల లేస్తే మర్నాడు సభలోనే లేచి, అమ్మ మాట వినడమే కొడుక్కి క్షేమం అన్నాడు. కిటికీలోంచి పారిపోయాడని కూడా చెప్తారు గానీ, నాకు నమ్మకం లేదు.

నాక్స్‌విల్‌లో ఆ తల్లీకొడుకుల విగ్రహం ఉంది. అమ్మ ఫెబ్ పక్కన నిలబడి ఫోటో తీయమంది.

"తర్వాత గెలిచాడా మళ్లీ?"

"ఆ నవంబరులోనే గెలిచాడు."

"అయితే ఆవిడ కూడా ఓటేసుంటుందిగా వాడికి" అంది. ఇన్నేళ్లుగా ఈ కథ చెప్తున్నాను, నాకది తట్టనే లేదు.