పిక్కల్లో మొదలైన జ్వరం

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి తోటను నేలమట్టం చేశాక, ఊళ్ళో ఉంటే జరగదని భీమవరం వైపు వచ్చాను. కాళ్ళ మండలంలో రొయ్యల చెరువుల మీద గుమస్తా పని.

2022 జులైలో ఏ క్షణాన నిద్ర లేచానో గానీ, దెబ్బ మీద దెబ్బ. ముందు చెరువుకు రొయ్యల్ని చంపే తెగులు వైట్‌స్పాట్ తగిలింది. రొయ్య ఎదగకుండానే హడావుడిగా పట్టేశాం. ఆ పట్టుబడిలో నా ఫోన్ నీళ్ళపాలైంది. పంట పోయింది కాబట్టి జీతం వచ్చే నెల చూద్దామన్నారు. ధవళేశ్వరం దగ్గర గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక పెట్టిన రోజులవి, ఇక్కడ వానలకు మురుగు కాలువలు నిండి ఉన్నాయి. రాత్రి గట్టుకు ఇసుక బస్తాలు వేస్తుంటే, పీతల కంచెకు కట్టిన ఇనప తీగ ఎడమ మడమలో దిగబడింది. గుడ్డ చుట్టుకుని మళ్ళీ నీళ్ళలోకే దిగాను. మేత షెడ్డులో ఎలుకలు, గట్టు నిండా వాటి బొరియలు. రోజూ చూసేవే కదా, పట్టించుకోలేదు.

పది రోజులకు చలితో జ్వరం పట్టుకుంది. తలనొప్పి సరే, పిక్కల నొప్పే భరించలేకపోయాను. దుప్పటి తగిలినా ప్రాణం పోయేది. దగ్గర్లో ఒకాయన టైఫాయిడ్ అని చెప్పి మూడు రోజులు నొప్పుల ఇంజెక్షన్లు చేశాడు. పొడిచిన గంటకు హాయిగా ఉండేది, తెల్లారేసరికి మళ్ళీ మామూలే. నాలుగో రోజు మాకు వండిపెట్టే మామ్మగారు నా మొహం చూసి, "అదేంట్రా అబ్బాయ్, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, తెల్లగుడ్డు పచ్చబడింది కూడాను" అన్నారు. ముందు రోజు పొద్దున్నుంచి మూత్రం రాలేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు.

ఆవిడే ఆటో మాట్లాడి భీమవరం పంపించారు. అక్కడి డాక్టరు గారు నాడి కూడా చూడకముందు అడిగింది ఒక్కటే: "ఏం పని చేస్తారు?" చెరువుల మీదండి అన్నాను. "కాలికి దెబ్బేమైనా తగిలిందా?" మడమ చూపించాను. పిక్క పట్టుకుని నొక్కితే అరిచాను. ఎలుక జ్వరంలా ఉంది, లెప్టోస్పైరోసిస్ అంటారన్నారు. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళలోంచి తెగిన చర్మం గుండా ఒంట్లోకి పోతుందట. రక్త పరీక్షలో తేలడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటిదాకా ఆగకూడదని ఆ సాయంత్రమే పెన్సిలిన్ మొదలుపెట్టారు. ఆరు గంటలకోసారి ఇంజెక్షన్, ఏడు రోజులు.

రక్తంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 5.2 అన్నారు.

ఆ మాట మా ఉద్దానం వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. కారణం ఇదీ అని తేలకుండానే ఎన్నో ఊళ్ళలో కిడ్నీలు పాడైపోతున్నాయి. మా పెదనాన్న రెండేళ్ళు డయాలసిస్ చేయించుకుని పోయాడు. నా కథా అదేననుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాను. డాక్టరు గారు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. "మీ ఊరి జబ్బు నెమ్మదిగా ఏళ్ళ తరబడి తినేస్తుంది. ఇది ఉన్నట్టుండి దెబ్బ కొట్టింది. నొప్పుల ఇంజెక్షన్లు ఇంకొంచెం చెడగొట్టాయి. చాలామందికి కిడ్నీలు మళ్ళీ పనిచేస్తాయి." ఆయన ఆ పది నిమిషాలు కూర్చోకపోతే నేను ఇంటికెళ్ళిపోతానని గొడవ చేసేవాణ్ణే.

రెండుసార్లు డయాలసిస్ చేశారు. అమ్మ రాత్రి రైలెక్కి వచ్చింది. "ఏటయ్యిందిరా నానా" అని ఒక్క మాట అని, మరి ఏడవలేదు. మా చెరువు కుర్రాళ్ళు బొండాలు పట్టుకొస్తే నర్సమ్మ గుమ్మంలోనే ఆపేసింది. మూత్రం సరిగా రానప్పుడు కొబ్బరి నీళ్ళలోని పొటాషియం గుండెకు ప్రమాదమట. బొండం అంటే ఏ జబ్బుకైనా మంచిదనుకునే ఊళ్ళో పుట్టినవాణ్ణి నేను.

మూత్రం కొలవడానికి గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఇచ్చారు. అమ్మకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. మందుల అట్టపెట్టె చింపి దాని వెనక రాసుకునేది: 80. 150. 140. 400. రెండో డయాలసిస్ అయిన మర్నాడు రాత్రి జగ్గు మూడుసార్లు నిండింది. ఒకటికి రెండుసార్లు దీపం కింద పెట్టి గీతలు చూసి, కింద 1800 అని వేసింది. ఆ అట్టముక్క అప్పుడు కళ్ళకద్దుకుంది, అప్పుడే ఏడ్చింది.

పదహారో రోజున పంపించేశారు. పిక్కల్లో సత్తువ లేదు, జుట్టు రాలింది, ఊళ్ళో బజారు దాకా నడవడానికి నెలన్నర పట్టింది. అక్టోబరులో క్రియాటినిన్ 1.0. ఆగిన జీతంలో సగమే చేతికొచ్చింది. మిగతాది అడిగి అడిగి వదిలేశాను. ఆటో డబ్బులిస్తే మామ్మగారు పుచ్చుకోలేదు.

సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ చెరువు మీదికే వచ్చాను, వేరే రైతు దగ్గర. మోకాళ్ళ దాకా బూట్లు కొనుక్కున్నాను. కాలు గీసుకుంటే సబ్బుతో కడిగి కట్టు కట్టుకుంటాను, ఆ రోజు నీళ్ళలో దిగను. మేత బస్తాలు నేల మీద కాక చెక్కబల్ల మీద పెట్టిస్తున్నాను. జ్వరమొచ్చి ఎవరి దగ్గరికెళ్ళినా, వాళ్ళు అడగకముందే చెప్తున్నాను: చెరువుల మీద పనండి, నీళ్ళలో దిగుతాను.

అట్టముక్క అమ్మ దగ్గరే ఉంది, దేవుడి పటం వెనక.