ఒక్క ఊపిరిలో ఎంత కౌంట్

ఈ సంక్రాంతికి చొక్కా గుండీలు నేనే పెట్టుకున్నాను. పై గుండీకి మాత్రం మా ఆవిడ సాయం పట్టింది. మొన్న ఆగస్టులో ఇవే చేతులు చెంచా ఎత్తలేకపోయాయి. ఇప్పుడు భయం కాస్త తగ్గింది కాబట్టి రాస్తున్నాను. కోపం మాత్రం పూర్తిగా పోలేదు.

మాది భీమవరం దగ్గర పల్లె. పదకొండేళ్ళు రొయ్యల ఫీడ్ కంపెనీలో మార్కెటింగ్ చేశాను. ఉండి, ఆకివీడు, కైకలూరు వైపు నేను తిరగని చెరువు గట్టు లేదు. 2018లో హైదరాబాద్ నుంచి ఇద్దరు ఇంజినీరు కుర్రాళ్ళు ఒక డబ్బా పట్టుకుని వచ్చారు. చెరువులో దింపితే నీటిలో ఆక్సిజన్ ఎంత ఉందో, అంటే రైతులు డీఓ అనేది, కొలిచి ఫోనుకు పంపుతుంది. డబ్బా బాగుంది. రైతుతో మాట్లాడటమే వాళ్ళకు రాదు. నాకు వచ్చిందల్లా అదే. మరుసటి ఏడు వాళ్ళతో చేరిపోయాను. 2021లో పెద్దవాడు విదేశం వెళ్ళిపోతే రెండోవాడు, "మిషను నేను చూసుకుంటాను, మనుషుల్ని మీరు చూసుకోండి అన్నా" అన్నాడు. ఒక్క వరుస కోడు రాయడం రాని నేను అలా టెక్నాలజీ కంపెనీకి సీఈఓనయ్యాను. మా అమ్మ ఇప్పటికీ "మావాడు డబ్బాలమ్ముతాడు" అనే చెబుతుంది. అందులో అబద్ధమేమీ లేదు.

జూలై చివర చెరువుల మీద తిరిగి హైదరాబాద్ వచ్చాక నాలుగు రోజులు విరేచనాలయ్యాయి. తగ్గాయి, మరిచిపోయాను. పది రోజులకు రెండు కాళ్ళ వేళ్ళలో తిమ్మిరి మొదలైంది. ఇంకో రెండు రోజులకు నడుస్తుంటే చెప్పు జారిపోతోంది, జారిన సంగతి కూడా తెలియడం లేదు. అమెరికా సుంకాల కబురుతో రొయ్య ధరలు పడిపోయి, రైతులు మాకు కిస్తీలు ఆపేసిన రోజులవి. మర్నాడు మదుపరులతో మీటింగు. ఆ సాయంత్రమే ఒక ఆస్పత్రికి వెళ్ళాను.

కుర్ర డాక్టరు నా వంక సరిగా చూడలేదు. ఏం చేస్తారని అడిగాడు. చెప్పాను. "స్టార్టప్ వాళ్ళందరిదీ ఇదే కథ. మీకు కావలసింది మందు కాదు సార్, నిద్ర" అని నవ్వి బీ12 మాత్రలు రాశాడు. మోకాలి మీద కొట్టి చూసే రబ్బరు సుత్తి ఆయన బల్ల మీదే ఉంది. దాన్ని కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాడు. ఆ సుత్తి నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

అయితే ఇంకో సంగతీ చెప్పాలి. ఆ రోజు నేను ఆయనకు చెప్పింది ఏమిటి? "కాస్త తిమ్మిరి, అంతే డాక్టరుగారూ. రేపటికి నిలబడేలా చూడండి చాలు." చెప్పు జారుతోందని చెప్పలేదు. మెట్ల మీద రెండుసార్లు తూలానని చెప్పలేదు. ఉన్నదాన్ని బాగున్నట్టు చెప్పడం నా పదకొండేళ్ళ వృత్తి. చనిపోతున్న చెరువు గురించి కూడా "కొద్దిగా గమనించుకోండి" అని చెప్పగలను. నా జబ్బును నేనే ఆయనకు తక్కువ ధరకు అమ్మాను. అయినా సుత్తి ఎత్తడం ఆయన పని. ఆ విషయంలో నేను రాజీపడను.

తెల్లవారి స్నానాల గదిలో పడిపోయాను. లేవలేదు. లిఫ్టు పనిచేయని మూడో అంతస్తు నుంచి మా బావమరిది నన్ను భుజాన వేసుకుని దించాడు. ఆ బావమరిదే ఐసీయూ తలుపు దగ్గర మా ఆవిడతో, "ఫీడ్ కంపెనీలో ఉండి ఉంటే ఈపాటికి జోనల్ మేనేజరు. ఎవరి కోసం అక్కా ఈ గోల?" అన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాను కాని చెవులు పనిచేస్తున్నాయి. మోసిన భుజాన్నీ, ఆ మాటనూ ఒకే ఖాతాలో ఎలా రాయాలో నాకు తెలియలేదు.

రెండో ఆస్పత్రిలో పెద్దాయన సుత్తితో మోకాళ్ళ మీద కొట్టారు. కాలు ఎగరలేదు. వెన్ను నీరు, నరాల పరీక్ష అన్నీ అయ్యాయి. గిలాన్ బారే సిండ్రోమ్ అన్నారు. పొట్టలోకి వచ్చిన క్రిమి మీద యుద్ధానికి బయల్దేరిన ఒంటి సైన్యం, పొరపాటున నరాల మీది తొడుగును కొరికేస్తుందట. ఇదే జబ్బు 2025 జనవరిలో పుణేలో చాలామందికి వచ్చిందని పేపర్లో చదివి పేజీ తిప్పేసినవాణ్ణే నేను. ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు అయిదు రోజులు ఎక్కించాలన్నారు. నా 70 కిలోలకు రోజుకు 28 గ్రాములు. బీమా పోను మిగిలినదానికి మా ఆవిడ గాజులు బ్యాంకుకు వెళ్ళాయి. ఆ మందును వేలమంది దానమిచ్చిన ప్లాస్మాను కలిపి తీస్తారు. వాళ్ళెవరో నాకు ఎప్పటికీ తెలియదు.

ఐసీయూలో రెండో రాత్రి. నర్సు రెండు గంటలకోసారి వచ్చి, గట్టిగా గాలి పీల్చి ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలిగితే అంతదాకా పెట్టమనేది. ఊపిరి కండరాల్లో బలం ఎంత మిగిలిందో దానితో తెలుస్తుంది. సాయంత్రం 6 గంటలకు 26. 8 గంటలకు 21. మా వ్యాపారంలో కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. కౌంట్ తగ్గితే రొయ్య పెద్దది, ధర ఎక్కువ. 30 కౌంట్ పడితే రైతింట పండగే. అది గుర్తొచ్చి నవ్వబోయాను. పెదవి ఒక పక్క కదల్లేదు.

10 గంటలకు మోసం చేశాను. గబగబా లెక్కపెట్టి 24 తెచ్చాను. ఆమె రాసుకోలేదు. "పరుగెత్తకండి సార్. సెకనుకు రెండే" అని మంచం కడ్డీ మీద వేలితో తాళం వేసింది. ఆ తాళానికి 16 వచ్చింది. "మీరు నంబరు పెంచితే నాకేం లాభం సార్? డాక్టరుగారికి నేనేం చెప్పాలి?" విజయనగరం వైపు అమ్మాయి, మా మేనకోడలి వయసు. ఆ మాటలో విసుగు కూడా లేదు.

రాత్రి 2 గంటలకు 11. ఉమ్మి మింగుడు పడటం లేదు. వెంటిలేటరు తెచ్చి మంచం పక్కన పెట్టారు. మా ఆవిడను పిలిపించి సంతకం తీసుకున్నారు. ఆమె కాగితం చదవలేదు, నన్నే చూస్తూ సంతకం చేసింది. అక్కడి నుంచి గంటకోసారి లెక్క. పగలు ఆక్సిజన్ ఇచ్చిన నాచే రాత్రి దాన్ని వాడుకుంటుంది కాబట్టి, తెల్లవారే ముందు చెరువులో డీఓ బాగా కిందకు పోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల లోపు పడితే రైతుకు కంటి మీద కునుకుండదు. గట్టు మీద, నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు వింటూ కూర్చునే మనుషులు గుర్తొచ్చారు. ఆరేళ్ళుగా వాళ్ళకు నిద్ర అమ్ముతున్నాను. ఆ కూర్చోవడం ఏమిటో ఆ రాత్రే తెలిసింది.

3 గంటలకు 11. 4 గంటలకు 11. 5 గంటలకు 12. ఆమె మళ్ళీ లెక్కపెట్టమంది. మళ్ళీ 12. ఆమె కాగితం మీద రాసుకుని, వెంటిలేటరును గోడ వైపు రెండడుగులు జరిపింది.

మిగతాదంతా ఫిజియోథెరపీ. మూడు వారాలు ఆస్పత్రి, తర్వాత చక్రాల కుర్చీ, వాకరు, కర్ర. మదుపరుల్లో ఒకాయన పూలగుత్తి పంపి, దాని వెనకే చెక్కుల మీద సంతకం ఎవరు పెడతారని అడిగించాడు. మా రెండో ఇంజినీరు కుర్రాడు మాత్రం రోజూ వచ్చి నా కాళ్ళు పట్టేవాడు. మా ఆవిడ మావుళ్ళమ్మకు మొక్కుకుందట. నాకు అంత నమ్మకం లేదు. అయినా డిసెంబరులో కర్ర పట్టుకుని గుడికి వెళ్ళాను, అక్కడ ఎందుకో ఏడ్చాను.

విరేచనాలు తగ్గాక రెండు కాళ్ళలో తిమ్మిరి పట్టి, అది పైకి పాకుతుంటే "కాస్త" అనే మాట వాడకండి. చెప్పు జారితే జారిందని చెప్పండి. సుత్తి ఎత్తమని అడగండి.

ఆఫీసుకు వెళ్ళాక మొదట మార్చింది ఫోను సందేశం. డీఓ పడితే రైతుకు "మీ చెరువును ఒకసారి గమనించండి" అని వెళ్ళేది. కంగారు పెట్టకూడదని నేనే రాసిన వాక్యం అది. ఇప్పుడు "డీఓ 3.1. ఏరియేటర్లు వేయండి" అని వెళుతుంది. పోయిన వారం ఉండి నుంచి ఒక రైతు ఫోను చేసి, "అర్ధరాత్రి గుండె ఆగేలా రాస్తున్నారేమిటండీ?" అని కేకలేశాడు. ఏరియేటర్లు వేశారా అని అడిగాను.

వేశానన్నాడు.