జిమ్నీకి టైర్లు చూస్తూ

తమ్ముడి మారుతి జిమ్నీ జీపుకి ఆఫ్‌రోడ్ టైర్లు చూడ్డానికి ఇవాళ షాపుకెళ్లాం. వాడికి వంజంగి కొండ మట్టిదారులంటే ప్రాణం. "అన్నా, 235 వేయించేద్దాం, బండి సింహంలా ఉంటుంది" అన్నాడు. ముందు లెక్క చూద్దాం రా అని పాత టైరు పక్కన కూర్చోబెట్టాను.

కంపెనీ టైరు 195/80 ఆర్15. వెడల్పు 195 మి.మీ., రిమ్ము 15 అంగుళాలు. అసలు సంగతంతా ఆ 80 దగ్గరే ఉంది. సైడ్‌వాల్ (రిమ్ము అంచు నుంచి నేల దాకా ఉండే టైరు పక్క భాగం) ఎత్తు వెడల్పులో 80 శాతమని దానర్థం, అంటే 156 మి.మీ. పైనా కిందా కలిపి 312, రిమ్ము 15 అంగుళాలంటే 381, మొత్తం టైరు ఎత్తు 693. ఇప్పుడు 235/75 ఆర్15 చూడండి. 75 అనగానే పొట్టి టైరు అనిపిస్తుంది. కానీ 235లో 75 శాతమంటే 176 దాటుతుంది! మొత్తం 733.5. బండి లేచేది మాత్రం అందులో సగమే, 20 మి.మీ. దానికోసం స్పీడోమీటర్ లెక్క దాదాపు 6 శాతం తప్పుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకునే ప్రమాదమూ ఉంది.

215/75 ఆర్15 అయితే 703.5. నా ఓటు దానికే.

సైజు పక్కనున్న 96ఎస్ కూడా చదవండి. 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుంది, ఎస్ అనేది వేగపు హద్దు గుర్తు. నలుగురం సామానుతో కొండెక్కుతాం కాబట్టి అంతకు తగ్గనివ్వను.

జిమ్నీకి 215 వేసుకున్నవాళ్లుంటే వానాకాలం బురదలో ఎలా ఉందో చెప్పండి.