మిద్దె మీద సీతాకోకచిలుకల మొక్కలు: వానాకాలం దాకా వచ్చిన సంగతులు

మల్కాజిగిరిలో మా మిద్దె మీద సీతాకోకచిలుకల కోసం కుండీలు పెంచుతున్నాను. పూలుంటే అవి తేనె తాగి పోతాయి. గుడ్లు పెట్టాలంటే మాత్రం వాటి పిల్ల పురుగులు తినే ఆకు ఉండాలి. అందుకే ముందు కరివేపాకు, నిమ్మ, జిల్లేడు పెట్టాను.

ఎండాకాలం: నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో గ్రీన్ నెట్ కట్టి, కుండీల్లో ఎండుటాకులు పరిచి, పొద్దున సాయంత్రం నీళ్లు పోశాను. అన్నీ బతికాయి.

జూన్: నాలుగు వానలు పడగానే కరివేపాకు చిగురేసింది. ఆ లేత ఆకుల మీదే కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుక గుడ్లు, గుండుసూది తలంత, లేత పసుపు. మూడు నాలుగు రోజుల్లో పురుగు బయటికొస్తుంది. మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అమ్మ మాత్రం, "పప్పులోకి రెబ్బ లేకుండా తినేస్తున్నయి, మందు కొట్టరాదు బిడ్డా" అంది. పై చిగుళ్లు పురుగులకు, కింది ముదురాకులు వంటకు అని ఒప్పందం చేసుకున్నాం. వేపనూనె కూడా కొట్టడం లేదు, అది పురుగుల మీదా పనిచేస్తుంది. నర్సరీ మొక్కలకు మందు కొట్టి ఉండొచ్చు కాబట్టి కొత్త చిగుళ్లు వచ్చేదాకా వాటిని విడిగా ఉంచుతున్నాను.

జులై: జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ అనే మరో సీతాకోకచిలుక పురుగులు, నలుపు తెలుపు పసుపు చారలతో. జిల్లేడులోని విషం వాటి ఒంట్లో చేరుతుంది, అందుకే చాలా పిట్టలు వాటి జోలికి రావు. ఆ మొక్క పాలు కంట్లో పడితే ప్రమాదం. కొమ్మలు కత్తిరించేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

కరివేపాకు పురుగుల్ని పిగిలిపిట్టలు ఎత్తుకెళ్తున్నాయి. వల కట్టమన్నారు కొందరు. కట్టను. వాటి గూట్లోనూ పిల్లలుంటాయి.

బాగా ఎదిగిన పురుగు ప్యూపా (సీతాకోకచిలుకగా మారే గూడు) కట్టడానికి ఒక్కోసారి మొక్క దిగి వెళ్లిపోతుంది. అందుకని కుండీల పక్కన ఎండుపుల్లలు నిలబెట్టాను. ప్యూపా గోడకు కట్టినా కదపను, ఆ వైపు ఊడవను.

ఇప్పుడు తంగేడు గింజల వంతు. పైపొర గట్టిది కాబట్టి వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి నాటాను. మొలకలు రెండాకులు వేశాయి. బతుకమ్మకు పూలు రావు గానీ, పసుపు సీతాకోకచిలుకలకు ఆకు దొరుకుతుంది.